నాన్న కంప్యూటర్ విప్పిన రాత్రి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని ఇంట్లో తెలిసిన రోజే మనకి ఇంకో ఉద్యోగం కూడా వచ్చేస్తుంది. జీతం లేనిది. పెద్దమ్మ వాళ్ల ప్రింటర్ ఆగిపోయినా, బాబాయ్ ఫోన్లో వాట్సాప్ తెరుచుకోకపోయినా, పక్కింటి అంకుల్ టీవీకి వైఫై పట్టకపోయినా ఫోన్ మనకే. "నువ్వు సాఫ్ట్‌వేరే కదరా, కాస్త ఇది చూడు" అంటారు. నేను రాసేది జావా కోడ్ అనీ, ప్రింటర్ లోపల ఏముంటుందో నాకూ తెలీదనీ చెబితే ఎవరూ నమ్మరు. కొన్నాళ్లకి మనం చెప్పడం మానేస్తాం. ఇంకొన్నాళ్లకి, మనకి నిజంగానే అన్నీ తెలుసని మనమే నమ్మడం మొదలుపెడతాం.

నేను సరిగ్గా ఆ స్థితిలో ఉన్నప్పుడు జరిగిన సంగతి ఇది.

టీ తాగి వచ్చేంత టైమ్

మాది చీరాల. నాన్నకి అక్కడ చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. ఒక కంప్యూటర్, ఒక జిరాక్స్ మెషీన్, ఒక కలర్ ప్రింటర్. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, విజిటింగ్ కార్డులు, ప్రైవేటు స్కూళ్ల ప్రశ్నపత్రాలు. మధ్యమధ్యలో పిల్లల హాల్ టికెట్లు, ఎంసెట్ అప్లికేషన్లు. పేరు ఈఏపీసెట్ అయినా మా షాపులో అది ఇప్పటికీ ఎంసెట్టే.

ఆ కంప్యూటర్ నేను ఇంటర్‌లో చేరిన ఏడాది, 2014లో కొన్నది. ఇంటెల్ నాలుగో తరం కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. నాన్న దృష్టిలో ఆ నల్ల డబ్బా మొత్తం 'సీపీయూ'. నేను పదిసార్లు "నాన్నా, దాన్ని క్యాబినెట్ అంటారు, సీపీయూ అంటే లోపల ఉండే చిన్న చిప్పు" అన్నాను. ఆయన పదిసార్లూ తల ఊపి, "సరేరా, ఆ సీపీయూ మీద దుమ్ము తుడువు" అన్నారు.

2024 మొదట్లో ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. "పొద్దున స్విచ్ వేసి టీ తాగి వస్తున్నానురా. అయినా ఇంకా తిరుగుతూనే ఉంటోంది." వినడానికి సరదాగానే ఉండేది. కానీ అమ్మ విడిగా ఇంకో మాట చెప్పింది. అప్లికేషన్లు పెట్టుకునే పిల్లలు పది నిమిషాలు నిలబడి, "అంకుల్, మళ్లీ వస్తాం" అని పక్క షాపుకి పోతున్నారట. నాన్న కొత్త కంప్యూటర్ కోసం 45 వేలకి కొటేషన్ తెచ్చుకున్నారు. ఆ డబ్బు కోసం చీటీ ముందుగా పాడుకోవాలని చూస్తున్నారు.

"చీటీ జోలికి పోకండి నాన్నా. ఓటుకి వస్తున్నాగా, నేను చూస్తా" అన్నాను.

మే 13న ఎన్నికలు. హైదరాబాద్‌లో ఉన్న మా వాళ్లంతా ఊళ్లకి బయల్దేరిన వారం అది. నేను శుక్రవారం రాత్రి బస్సెక్కాను. బ్యాగులో రెండు వస్తువులు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కొన్న 16 జీబీ ర్యామ్ ఒకటి. రెండోది, స్క్రీన్ పోయి మూలన పడిన నా బీటెక్ ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 480 జీబీ ఎస్‌ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు కూడా ఒకటి చూసి పెట్టుకున్నా, ఊరెళ్లాక ఆర్డర్ చేద్దామని.

గాటు కుదరలేదు

శనివారం మధ్యాహ్నం షాపులో జనం లేరు. మూఢం కాబట్టి పెళ్లి కార్డుల పనీ లేదు. క్యాబినెట్ పక్క రేకు తీశాం. లోపల ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. కింద మూల రెండు బల్లి గుడ్లు. నాన్న వాటిని కాగితం మీదకి ఎత్తి బయట పెట్టి వచ్చారు.

నేను మాంచి ధీమాగా కొత్త ర్యామ్ తీసి స్లాట్‌లో పెట్టాను. కూర్చోలేదు. తిప్పి పెట్టాను. అయినా కూర్చోలేదు.

"గట్టిగా నొక్కరా" అన్నారు నాన్న.

నొక్కలేదు, అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని. ఫోన్లో వెతికితే విషయం తెలిసింది. నేను కొన్నది డీడీఆర్4. నాన్న బోర్డుకి కావాల్సింది డీడీఆర్3. డెస్క్‌టాప్‌లలో ఈ రెండు ర్యామ్‌లూ ఒకే పొడవు ఉంటాయి. కానీ డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. కింద ఉండే చిన్న గాటు కూడా వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టకూడదనే ఆ గాటు అక్కడ పెట్టారు. బలవంతంగా నొక్కితే స్లాటే విరుగుతుంది.

నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ ఆర్గనైజేషన్ అనే సబ్జెక్టులో నాకు మంచి మార్కులొచ్చాయి. మెమరీ గురించి పది పేజీలు రాసినట్టు గుర్తు. చేత్తో మాత్రం ఒక్క ర్యామ్ కూడా పట్టుకోలేదు.

నాన్న ఏమీ అనలేదు. "మనకి మెకానిక్ ఉన్నాడుగా, ఓసారి అడిగి రా" అన్నారంతే.

ఎక్కడ ఆగుతోంది?

గడియార స్తంభం వైపు ఒక సందులో ఆయన షాపు. వయసు నలభై దాటి ఉంటుంది. మా నాన్నని బాబాయ్ అంటాడు. నేను చిన్నప్పుడు గేమ్ సీడీల కోసం అక్కడికే వెళ్లేవాణ్ణి. బల్ల మీద నాలుగు మదర్‌బోర్డులు, పాత టూత్‌బ్రష్‌లు, ఒక హెయిర్ డ్రయ్యర్.

నేను నా ప్లాన్ అంతా చెప్పాను. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు. ఆయన చేస్తున్న పని ఆపకుండా విన్నాడు.

"గ్రాఫిక్స్ కార్డు ఎందుకు తమ్ముడూ? బాబాయ్ పేజ్‌మేకర్‌లో క్రికెట్ ఆడతాడా?"

నవ్వేశా. ఆయన నవ్వలేదు. "అది పెట్టాలంటే ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చాలి. ఇప్పుడున్నది ఆ కరెంటు మోయలేదు. అంతా చేసినా శుభలేఖ ఒక్క సెకను కూడా ముందు తెరుచుకోదు. అసలు మిషన్ ఎక్కడ ఆగుతోందో చూశావా?"

చూడలేదు. ఆఫీసులో మా సర్వర్ నెమ్మదించిందంటే నేను మొట్టమొదట చేసే పని అదే. సీపీయూనా, మెమరీనా, డిస్కా, నెట్‌వర్కా, ఏది నిండిపోయిందో చూడకుండా ఒక్క లైను కూడా మార్చం. అలా మారిస్తే మా టీమ్ లీడ్ ఊరుకోరు. సొంత నాన్న కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం యూట్యూబ్ వీడియోలు చూసి షాపింగ్ లిస్టు రాసుకున్నా.

షాపుకి తిరిగొచ్చి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాను. టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. సీపీయూ 15 శాతం దగ్గర తీరిగ్గా కూర్చుని ఉంది. మెమరీ 90 దాటింది. డిస్క్ 100.

అప్పుడు కథ మొత్తం అర్థమైంది. ర్యామ్ అంటే నాన్న బల్ల లాంటిది. పని చేస్తున్న కాగితాలన్నీ బల్ల మీద ఉండాలి. హార్డ్ డిస్క్ అంటే వెనకాల బీరువా. బల్ల చిన్నదైతే, కొత్త కాగితం పెట్టాలన్నప్పుడల్లా పాతదాన్ని బీరువాలో పెట్టి రావాలి. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు, పక్కన పేజ్‌మేకర్, ఫొటోషాప్ తెరిస్తే 4 జీబీ బల్ల నిండిపోతోంది. విండోస్ రోజంతా బీరువాకీ బల్లకీ మధ్య తిరుగుతోంది.

పైగా ఆ బీరువా నెమ్మది. హార్డ్ డిస్క్ లోపల పళ్లేలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. చదివే ముల్లు సరైన చోటికి వెళ్లి, కావాల్సిన ముక్క తన కిందకి వచ్చేదాకా ఆగాలి. అలా చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకి సుమారు 100 మాత్రమే తేగలదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అంతా చిప్పులే. మామూలు శాటా ఎస్‌ఎస్‌డీ కూడా అదే పనిని సెకనుకి పదివేల సార్లకి పైగా చేస్తుంది. కంప్యూటర్ ఆన్ కావడమంటే ఇలాంటి వేల చిన్న ముక్కల్ని ఏరుకు రావడమే. అందుకే పాత మిషన్‌కి ఎస్‌ఎస్‌డీ వేస్తే కొత్త ప్రాణం వచ్చినట్టు ఉంటుంది.

మెకానిక్ అన్న దగ్గర వాడిన 4 జీబీ డీడీఆర్3 ఒకటి 500 రూపాయలకి దొరికింది. ఉన్నదీ ఇదీ కలిపితే 8. ఒకే సైజువి రెండు పెడితే బోర్డు రెండు దారుల్లో ఒకేసారి చదువుతుందని, అదీ లాభమేనని చెప్పాడు. కాస్త నల్లబడ్డ ర్యామ్ అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది ఇచ్చాడు. మాది సముద్రపు గాలి ఊరు కదా.

ఇంకో మాట కూడా చెప్పాడు. "విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకెయ్."

సరే అన్నాను. ఆ మాట నేను విన్నానుగానీ, బుర్రలోకి ఎక్కించుకోలేదు.

447, 465

రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం దించాం. రెండు గంటల పని అని నాన్నకి చెప్పాను. ఆయన ఆగుదామన్నారు. పొద్దున పదింటికి ఒక డెలివరీ ఉందట. మా వీధి మాస్టారి అమ్మగారి పెద్దకర్మ కార్డులు, రెండు వందలు. సాయంత్రమే ప్రూఫ్ చూసి, ఒక పేరు దిద్ది వెళ్లారు. ప్రింట్ తీయడమే మిగిలింది.

"ఫైల్ డీ డ్రైవ్‌లో ఉందిగా నాన్నా. డీ డ్రైవ్ నేను ముట్టుకోను" అన్నాను.

నాన్న తన పని మొత్తం డీ డ్రైవ్‌లోనే దాచుకుంటారు. 'సీ పోయినా డీ ఉంటుంది' అని ఎవరో ఎప్పుడో చెప్పారట. ఆయన ఉద్దేశంలో అదే బ్యాకప్. మనలో చాలామందికి ఇదే నమ్మకం. నిజానికి సీ, డీ అనేవి ఒకే డిస్క్ మీద గీసుకున్న రెండు గళ్లు. డిస్కే పోతే రెండూ పోతాయి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఆ రాత్రి పదేళ్ల పనిని ఇంకెక్కడికీ కాపీ చేయకుండా మొదలుపెట్టా. ఎందుకంటే కాపీకి ఇంకో రెండు గంటలు పడుతుంది, నాకు నిద్రొస్తోంది.

ర్యామ్ టక్‌మని కూర్చుంది. ఎస్‌ఎస్‌డీకి కేబుళ్లు తగిలించా. పాత డిస్క్ కేబుల్ పీకలేదు. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ 10 సెటప్ మొదలైంది. ఎక్కడ ఎక్కించాలో అడుగుతూ లిస్టు వచ్చింది. డ్రైవ్ 0, డ్రైవ్ 1.

ఎస్‌ఎస్‌డీ కొత్తదైతే అది ఖాళీగా కనబడేది, ఏ గొడవా ఉండేది కాదు. కానీ నాది పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసింది. దాని మీదా విండోస్ ఉంది, దాని మీదా మూడు ముక్కలు ఉన్నాయి. రెండు డిస్కులూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. పేర్లు కనబడవు, ఎన్ని జీబీలో మాత్రమే కనబడతాయి. నేను డ్రైవ్ 0 అంటే ఎస్‌ఎస్‌డీ అనుకున్నా. మొదటి ముక్క, డిలీట్. రెండో ముక్క, డిలీట్. మూడోది, డిలీట్. 'మీ డేటా పోతుంది' అని మూడుసార్లూ అడిగింది. మూడుసార్లూ ఓకే అన్నాను.

లిస్టులో డ్రైవ్ 0 ఖాళీ అయింది. పక్కన అంకె చూశా. 465.8 జీబీ.

480 జీబీ ఎస్‌ఎస్‌డీని విండోస్ 447 అని చూపిస్తుంది. 500 జీబీ హార్డ్ డిస్క్‌ని 465 అని చూపిస్తుంది. తయారీ కంపెనీలు వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1,024తో లెక్కేస్తుంది కాబట్టి ఈ తేడా. ఈ లెక్క నాకు బీటెక్ మొదటి ఏడాదిలోనే వచ్చు. ఆ క్షణంలో దాని అర్థం ఒక్కటే. నేను చెరిపింది నాన్న డిస్క్.

చేతులు చల్లబడ్డాయి. పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా. స్క్రీన్ నల్లబడింది.

నాన్న గల్లా పెట్టె దగ్గర చిల్లర లెక్కపెడుతున్నారు. ఎలా చెప్పానో గుర్తులేదు. ఆయన లెక్క ఆపి, కాసేపు ఆ నల్ల డబ్బా వైపు చూశారు.

"అన్నీనా?" అన్నారు.

పదేళ్ల శుభలేఖలు. మా అక్క పెళ్లికి ఆయన పదిహేను రకాలుగా గీసి చివరికి ఎంచుకున్న కార్డు. ఊళ్లో ఎన్నో ఇళ్ల పేర్లు, ముహూర్తాలు, పెద్దవాళ్ల ఫొటోలు. ఎవరైనా వచ్చి "మా పెద్దోడి పెళ్లికి వేసిన డిజైనే చిన్నోడికీ కావాలి" అంటే రెండు నిమిషాల్లో తీసిచ్చేవారు. ఆయనకి కట్టుకున్న ఖాతాదారులంటే ఆ ఫైళ్లే.

"మామ్మగారి ఫొటో..." అని ఆగిపోయారు. ఆవిడ ఒంటరిగా దిగిన ఫొటో ఒక్కటీ లేదట. పాత గ్రూప్ ఫొటో స్కాన్ చేసి, అందులోంచి ఆవిణ్ణి విడిగా తీసి, మరకలు తుడిచి, మూడు గంటలు కూర్చుని బాగుచేశారు. అసలు ఫొటో తిరిగిచ్చేశారు, అది ఆ రాత్రే వాళ్ల బంధువులతో పాటు వేరే ఊరు వెళ్లిపోయింది.

నాన్న నన్ను తిట్టలేదు. ఫోన్ తీసి మెకానిక్‌కి చేశారు. టైమ్ పదిన్నర.

"ముట్టుకోకు, వస్తున్నా"

స్పీకర్‌లో అన్న అడిగింది ఒక్కటే. "డిలీట్ కొట్టాక ఏమైనా ఎక్కించావా? నెక్స్ట్ నొక్కావా?"

"లేదన్నా. ఆఫ్ చేసేశా."

"అయితే ఇంక దేన్నీ ముట్టుకోకు. వస్తున్నా."

పావుగంటలో బండి మీద వచ్చాడు. పాత డిస్క్ విప్పి, తన ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించాడు. టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ తెరిచాడు. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ అది. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు, మౌస్ కూడా పనిచేయదు.

అది వెతుకుతుంటే అన్న చెప్పాడు. విభాగాన్ని డిలీట్ చేస్తే డిస్క్ మొదట్లో ఉండే పట్టికలోంచి ఆ పేరు కొట్టేస్తారంతే. పుస్తకంలో విషయసూచిక పేజీ చింపేసినట్టు. లోపలి పేజీలు అలాగే ఉంటాయి, వాటి మీద కొత్తగా ఏదీ రాయనంత వరకు. నేను నెక్స్ట్ నొక్కి ఉంటే విండోస్ నేరుగా ఆ పేజీల మీద రాసేసేది. అదే ఎస్‌ఎస్‌డీ అయి, ఫార్మాట్ కూడా చేసి ఉంటే ఆశ ఇంకా తక్కువ. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల చెరిపిన చోటుని ఎస్‌ఎస్‌డీ తనంతట తానే లోపల తుడిచేసుకుంటుంది.

పదకొండుంపావుకి స్క్రీన్ మీద మూడు లైన్లు వచ్చాయి. అన్న మూడోదాని మీద ఆగి, 'పీ' నొక్కాడు. ఫోల్డర్ల పేర్లు వరసగా దిగాయి. పెళ్లి 2015. పెళ్లి 2016. స్కూల్స్. కర్మ.

నాన్న వెనక నుంచి వంగి చదువుతున్నారు. "అదిగో, అక్క పెళ్లి" అన్నారు నాతో.

అన్న అక్కడితో సంతోషించి డిస్క్ మీద రాసేయలేదు. ముందు ఆ ఫైళ్లన్నీ తన ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ పెట్టాడు. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకుని, ఆ తర్వాతే పట్టికని సరిచేశాడు. ఒంటిగంటన్నర దాటింది. అప్పుడు పాత డిస్క్‌ని పక్కన పెట్టి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి విండోస్ ఎక్కించాం. లిస్టులో డ్రైవ్ ఒక్కటే కనబడింది. తప్పు చేద్దామన్నా కుదరదు.

వెళ్లేముందు బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ మార్చాడు. సీఆర్2032, ముప్పై రూపాయలు. దాని వల్లే కంప్యూటర్ ఆపినా గడియారం నడుస్తుంది. అది చచ్చిపోయి ఎన్నాళ్లయిందో, నాన్న రోజూ పొద్దున తారీఖు చేత్తో మార్చుకుంటున్నారట. మర్చిపోయిన రోజు వెబ్‌సైట్లు తెరుచుకోవు. తారీఖు తప్పుగా ఉంటే బ్రౌజర్ ఏ సైట్‌నీ నమ్మదు. ఆ రోజుల్లో నాన్న నెట్ కనెక్షన్ ఇచ్చినవాణ్ణి తిట్టేవారు. ఇన్నాళ్లుగా ఫోన్లో నాకు ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదు. నేనూ ఏ పని చేస్తుంటే ఆగుతోందని ఒక్కసారీ అడగలేదు.

ఆదివారం పొద్దున స్విచ్ వేస్తే 25 సెకన్లలో తెర వచ్చింది. నాన్న టీ కోసం లేవబోయి మళ్లీ కూర్చున్నారు. పదింటికి మాస్టారు వచ్చేసరికి రెండు వందల కార్డులూ కట్టలు కట్టి ఉన్నాయి. ఆయన ఒక కార్డు తీసి, వాళ్లమ్మ ఫొటో మీద వేలు పెట్టి కాసేపు చూసి, జేబులో వేరుగా పెట్టుకున్నారు. రాత్రి ఏం జరిగిందో ఆయనకి మేం చెప్పలేదు.

లెక్క తేలింది. వాడిన ర్యామ్ 500, బ్యాటరీ 30. పాత ఎస్‌ఎస్‌డీ నాదే. అన్న కూలీ తీసుకోనంటే నాన్న బలవంతంగా వెయ్యి జేబులో పెట్టారు. చీటీ పాడాల్సిన పని రాలేదు. నేను కొన్న 16 జీబీ ర్యామ్ రిటర్న్ చేసేశా.

మీరు విప్పేముందు

ఆ రాత్రి తర్వాత చుట్టాలవీ స్నేహితులవీ ఏడెనిమిది మిషన్లు విప్పాను. నేర్చుకున్నవి ఇవి.

ముందు కాపీ, తర్వాతే స్క్రూడ్రైవర్. కాపీ అంటే వేరే డిస్క్‌లో కానీ క్లౌడ్‌లో కానీ ఉండాలి. డీ డ్రైవ్ లెక్కలోకి రాదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బిట్‌లాకర్ తాళం దానంతట అదే పడి ఉంటుంది. దాని రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసి రాసి పెట్టుకోండి. అది లేకుండా డిస్క్ తీసి ఇంకోదానికి తగిలించినా ఫైళ్లు తెరుచుకోవు.

ఎక్కడ ఆగుతోందో చూడండి. మీ రోజువారీ పని చేస్తూ టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచండి. డిస్క్ 100 దగ్గర ఉందా, మెమరీ నిండిందా, సీపీయూ ఆయాసపడుతోందా? నిండిందే మార్చాలి. సీపీయూ ఖాళీగా ఉంటే కొత్త సీపీయూకి డబ్బు దండగ.

ఏది పడుతుందో చూశాకే కొనండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో కనబడుతుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ మీది డీడీఆర్3నా, 4నా, 5నా చెబుతుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ డెస్క్‌టాప్ ర్యామ్ కంటే పొట్టిగా ఉంటుంది, ఒకదానికి ఇంకోటి పట్టదు. చాలా సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. అలాంటివి కొన్నాక పెంచుకోలేం. కొనే రోజే చూసుకోవాలి.

ఎస్‌ఎస్‌డీలలోనూ తికమక ఉంది. చూయింగ్ గమ్ ముక్కలా సన్నగా ఉండే ఎమ్.2 రకంలో రెండు జాతులు ఉన్నాయి. శాటా ఒకటి, ఎన్‌వీఎమ్‌ఈ ఒకటి. రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. శాటా సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, మామూలు ఎన్‌వీఎమ్‌ఈ కూడా అంతకు కొన్ని రెట్లు పరిగెడుతుంది. కానీ మీ స్లాట్ ఏది తీసుకుంటుందో అదే పనిచేస్తుంది. పొడవు కూడా చూడండి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. 2242 స్లాట్‌లో అది పట్టదు.

ల్యాప్‌టాప్ విప్పితే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ తీయండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముట్టుకోకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఏ స్క్రూ ఎక్కడిదో ఫోన్లో ఫొటో తీసుకోండి. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే అది బోర్డుని పొడిచేస్తుంది. లోపలి భాగాలు పట్టుకునేముందు ఏదైనా ఇనుప వస్తువుని తాకితే ఒంట్లో స్టాటిక్ కరెంట్ పోతుంది.

విండోస్ ఎక్కించేటప్పుడు మిగతా డిస్కుల కేబుళ్లు పీకేయండి. ఈ ఒక్క లైను గుర్తున్నా చాలు.

ఎంతవరకు?

పాతదాన్ని ఎన్నాళ్లయినా లాక్కురావచ్చని నేను చెప్పడం లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి, టీపీఎమ్ 2.0 ఉండాలి. నాన్నది నాలుగో తరం. సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వచ్చే పొడిగింపు పథకంలో చేర్చాను. ఆ తర్వాత ఒక్క ప్రాసెసర్ మారిస్తే సరిపోదు. కొత్త ప్రాసెసర్ ఆ బోర్డు మీద కూర్చోదు, కొత్త బోర్డుకి డీడీఆర్3 పట్టదు. మూడూ కలిపి మార్చాలి. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కంపెనీలు వాడి తీసేసిన ఎనిమిదో తరం ఆఫీసు డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దొరుకుతాయి. వచ్చే వేసవికి అలాంటిది చూడాలని నాన్నా నేనూ మాట్లాడుకున్నాం. ఎస్‌ఎస్‌డీ మాత్రం అందులోకీ వెళుతుంది.

ఇప్పుడు నాన్న షాపులో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంది. ప్రతి శనివారం రాత్రి షట్టర్ దించేముందు అది తగిలిస్తారు. కాపీ అయ్యేదాకా చిల్లర లెక్కపెట్టుకుంటారు. అయ్యాక దాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకెళతారు, షాపులో ఉంచరు. అది నేను చెప్పలేదు, ఆయనకే తోచింది.

నాకు ఫోన్లు మాత్రం ఆగలేదు. మొన్న మా పిన్ని కూతురు చేసింది. "అన్నయ్యా, నా ల్యాప్‌టాప్ చాలా స్లో అయిపోయింది, ర్యామ్ కొననా?" అంది. ఇదివరకైతే వెంటనే ఏదో ఒక లింక్ పంపేవాణ్ణి. ఇప్పుడు రెండు ప్రశ్నలు అడిగాను.

"నీ ఫైళ్లు ఇంకెక్కడైనా ఉన్నాయా? ఏ పని చేస్తుంటే ఆగుతోంది?"